గట్టు దగ్గర ఆగే చేయి

చిన్నమ్మ పోయిందని చిన్నాయన ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో, ఆఫీసుకు పోదామని టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. "పొద్దుగాల చాయ తాగింది బిడ్డా. తాగి పండుకుంది. మల్ల లేవలే," అన్నాడు. మధ్యాహ్నం ఎల్లారెడ్డి చర్చిలో ప్రార్థన పెట్టి, ఆ తర్వాత మట్టికి తీసుకుపోతామని చెప్పాడు. సరే వస్తున్నా అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. చర్చిలో ప్రార్థన అంటే పాట ఉంటుంది. పాట ఉంటే బేస్ గిటార్ ఉంటుంది. దాని వాల్యూమ్ నాబ్ మీద ఈసారి చిన్నమ్మ చేయి ఉండదు.

సొంత చిన్నమ్మ పోతే నాబ్ గురించి ఆలోచించే మనుషులుంటారా అని మీరు అనుకోవచ్చు. ఉంటారు, నేనున్నాను. నాకు చప్పుడంటే భయం. ఇంత వయసొచ్చి, ఉద్యోగం చేస్తూ, పదిమంది చేత సంతకాలు పెట్టిస్తూ కూడా కుక్కర్ విజిల్ వచ్చే ముందు వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడతాను. పెళ్లి ఊరేగింపులో డీజే బండి వస్తుందంటే సందు మార్చి నడుస్తాను. మెల్లగా పెరిగే చప్పుడు ఎంత పెద్దదైనా ఓర్చుకుంటాను. చెప్పకుండా మీద పడే చప్పుడు వస్తే నా కాళ్లు నన్ను అడగవు, పరుగెత్తుతాయి.

ఇది పుట్టుకతో వచ్చిందేమీ కాదు. అప్పుడు నేను బడికి కొత్తగా పోతున్నాను. క్రిస్మస్ ముందటి ఆరాధనకు చర్చి నిండిపోయింది. పిల్లలందరినీ ముందు చాపల మీద కూర్చోబెట్టారు. నా వంతు సరిగ్గా సౌండ్ బాక్స్ ముందర వచ్చింది. పాట మొదలు కాబోతుండగా ఆ బాక్స్ లోంచి 'ధమ్' అని ఒక చప్పుడు వచ్చింది. చెవితో విన్నట్టు లేదు, ఎవరో గుండె మీద గుద్దినట్టుంది. తర్వాత నాకు తెలిసింది నేను రోడ్డు మీద ఉన్నానని. వడ్ల బస్తాలతో పోతున్న ట్రాక్టరు నా ముందు ఆగి ఉంది. టైరు నా గౌను అంచు మీద ఎక్కి ఆగింది. ఇంకో జానెడు వచ్చి ఉంటే ఈ మాటలు రాయడానికి నేనుండేదాన్ని కాదు. డ్రైవరు కిందికి దిగి, నన్ను తిట్టబోయి తిట్టలేక, అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చాడని అమ్మ చెప్పేది.

బాక్సు ఖరాబైందని అందరూ అన్నారు. ఇక ఈ పిల్లను చర్చికి తేవద్దని బాపు తీర్మానం చేశాడు. కానీ బాపు మాట చిన్నమ్మ దగ్గర ఎప్పుడు చెల్లింది గనక!

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మా గల్లీలోనే ఉండేది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, రోజంతా బీడీలు చుట్టేది. చాట పక్కకు పెట్టిందంటే చర్చిలో కాయర్ పాటల ప్రాక్టీసుకు పోతున్నట్టు. బేస్ గిటార్ ఆమె కోరి పట్టుకున్నది కాదు. వాయించే అన్న గల్ఫ్ పోతూ గిటార్ ను చర్చికి ఇచ్చిపోయాడు. నాలుగే తీగలు, పాట రాగం కూడా వాయించరాదు, దీన్ని ఎవరు పట్టుకుంటారని కుర్రవాళ్లంతా మామూలు గిటార్ వైపు ఎగబడ్డారు. ఆ తీగలు తాడంత లావు, వేళ్లు కోసుకుపోతాయి. బీడీలు చుట్టీ చుట్టీ చిన్నమ్మ వేళ్ల కొసలు ఎప్పుడో గట్టిబడ్డాయి. పాస్టరయ్య ఆ వేళ్లు చూసి, నువ్వు పట్టుకోమ్మా అన్నాడు. పట్టుకుంది. చీర కొంగు నడుముకు చెక్కి, గిటార్ ను చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడితే, మొదట్లో నవ్వినవాళ్లు కొన్నాళ్లకు నవ్వడం మానేశారు. "బేస్ ఉన్నప్పుడు ఎవలికీ వినబడకున్నా మంచిదే. ఆగినప్పుడు తెల్వాలె," అనేది. పాటలో ఎక్కడైనా ఆమె చేయి ఆపితే నిజంగానే కాళ్ల కింది బండ తీసేసినట్టుండేది.

నేను రోడ్డు మీదికి పరుగెత్తిన తర్వాత చిన్నమ్మ ఆ గిటార్ వెంట పడింది. ఖాళీ చర్చిలో కూర్చుని నాబ్ ను తిప్పుతూ, తీగ మీటుతూ చాలాసేపు విన్నదట. ఆ నాబ్ సున్నా దగ్గర ఏమీ పలకదు. కొంచెం తిప్పగానే మొత్తం చప్పుడు ఒక్కసారి వచ్చి పడుతుంది. అక్కడినుంచి చివరిదాకా ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు. ఆ గిటార్ ను పట్టుకుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సెక్కింది. వెంట నన్ను కూడా తీసుకుపోయింది. ఎందుకంటే, "వినాల్సింది నువ్వు గదా," అంది.

బస్టాండుకు కొంచెం దూరంలో రేడియోలు, యాంప్లిఫైయర్లు బాగుచేసే షాపు ఉండేది. షాపాయన గిటార్ వెనక మూత విప్పి చూపించాడు. నాబ్ కింద ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాన్ని పాట్ అంటారు. లోపల నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జరిగే ఒక చిన్న ఇత్తడి నాలుక. వెనకాల బి అని అక్షరం, పక్కన నంబరు. బి అంటే లీనియర్ రకమని, ఎంత తిప్పితే కరెంటు అంతే సమంగా పెరుగుతుందని ఆయన చెప్పాడు. మరి సమంగా పెరిగితే నా బిడ్డ ఎందుకు ఉరికిందని చిన్నమ్మ అడిగింది. చెవి అట్లా వినదమ్మా అన్నాడాయన. చెవికి మెల్లగా పెరిగినట్టు అనిపించాలంటే పట్టీ మొదట్లో బాగా కొంచెం కొంచెంగా ఇచ్చి, చివర్లో ఎక్కువ ఇవ్వాలట. దాన్ని లాగ్ రకం అంటారు, వెనకాల ఏ అని ఉంటుంది. చిన్నమ్మ వచ్చి ఇదంతా చెప్పినా మా బాపు మాత్రం, కొనుగోలు సెంటర్లో వడ్లకు గ్రేడు పెట్టిన లెక్కనే అనుకుని, ఇన్నేళ్లు చర్చికి బి గ్రేడు సామాను అంటగట్టారని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

కొత్త పాట్ వేశాక షాపాయన తీగ మీటాడు. నేను అప్పటికే గుమ్మం దాటి అవతల నిలబడ్డాను. చిన్నమ్మ నాబ్ మీద బొటనవేలు పెట్టి తిప్పింది. వేలు కదులుతోందని కనిపిస్తోంది గానీ చప్పుడు లేదు. తర్వాత ఎక్కడో దూరంగా బండి పోతున్నట్టు సన్నగా వినిపించింది. అట్లా మెల్లగా, మెల్లగా దగ్గరికొచ్చింది. నేను గుమ్మం లోపలికి ఒక కాలు పెట్టాను. సరిగ్గా అప్పుడు, నాబ్ సగంలోకి రాగానే, చప్పుడు ఒక్క మెట్టు ఎగిరింది. నేను మళ్లీ బయట ఉన్నాను.

షాపాయన నొచ్చుకున్నాడు. ఈ మామూలు పాట్లలో పట్టీని ఒకటే ముక్కగా చేయరట. మెల్లగా పెరిగే ముక్క ఒకటి, గబగబా పెరిగే ముక్క ఒకటి, రెండూ సగంలో అతికిస్తారట. ఆ అతుకు దగ్గర కొంచెం ఎగురుతుంది, అంతకన్నా మంచిది ఇప్పుడు నా దగ్గర లేదు అన్నాడు. ఇంకో రెండు విప్పి పెట్టి చూశాడు, అన్నిటిలోనూ అతుకు ఉంది. చిన్నమ్మ కాసేపు నాబ్ ను ముందుకీ వెనక్కీ ఆడించింది. తర్వాత నా దగ్గరికొచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చుంది.

"నడిమిట్ల గట్టున్నది బిడ్డా. పొలంల నడిచేటప్పుడు గట్టొస్తే ఆగి, చూసి, దాటుతం గదా. గట్లనే గట్టు కాడ నేనాగుత. నీ దిక్కు చూస్త. నువ్వు ఊ అని తలకాయ ఊపితేనే దాటుత. సప్పుడు చెప్పి రావాలె. చెప్పకుండ రాదు, సరేనా?"

సరే అన్నాను. నమ్మి కాదు, ఆమె ముఖం చూసి.

ఆ ఆదివారం నన్ను తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది, భయమైతే బయటికి పోయే వీలుండాలని. అమ్మ నా చేయి పట్టుకోకుండా నా పక్కన కూర్చోవాలని చెప్పింది, ఎవరైనా పట్టుకుంటే భయం ఇంకా పెరుగుతుందని ఆమెకెట్లా తెలుసో మరి. చిన్నమ్మ నాబ్ ను సున్నాలో పెట్టి, తీగ మీటి, బొటనవేలితో తిప్పడం మొదలుపెట్టింది. దూరంగా బండి వస్తున్నట్టు చప్పుడు లేచింది. సగం దగ్గర వేలు ఆగింది. చర్చంతా ఆగింది. చిన్నమ్మ తలెత్తి నా దిక్కు చూసింది. కుర్చీ అంచు పట్టుకుని తల ఊపాను. వేలు గట్టు దాటింది. చప్పుడు వచ్చింది, నా పక్కనుంచి పోయింది, నేను కుర్చీలోనే ఉన్నాను.

ఆ తర్వాత ధ్వని పదును తగ్గించే టోన్ నాబ్ కింద కూడా లాగ్ రకమే వేయించింది. అంతకు ముందున్నది చివర వెంట్రుకవాసి దగ్గర తప్ప ఎక్కడా పని చేసేది కాదు. తిప్పి తిప్పి అక్కడికి రాగానే ఉన్నట్టుండి ధ్వని దుప్పటి కప్పుకునేది. కొత్తది మెల్లగా మెత్తబడేది. తీగ మీద గోరు తగిలిన కీచు నాకు పడదని ఆమె టోన్ ను ఎప్పుడూ బాగా తగ్గించే ఉంచేది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. పాట మొదలయ్యేముందు బేస్ నిశ్శబ్దంలోంచి మెల్లగా లేవడం, సగంలో ఆగడం, చర్చంతా ఊపిరి బిగబట్టడం, ఆ తర్వాత పాట ఎత్తుకోవడం జనానికి బాగా నచ్చింది. దేవుని సన్నిధిలో మౌనం అని పాస్టరయ్య దానికి ఒక అర్థం చెప్పాడు. ఆ ఆగినప్పుడు అందరూ తలలు వంచడం మొదలుపెట్టారు. లింగంపేట కాయర్ వాళ్లు వచ్చి చూసి నేర్చుకుపోయారు. సదాశివనగర్ దిక్కు ఒక పెళ్లిలో కూడా అట్లా వాయించడం నేనే విన్నాను. వందలమంది తలలు వంచి ప్రార్థించే ఆ ఘడియ ఒక పిరికి పిల్ల తల ఊపడం కోసమని మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. అందరూ తలలు వంచుతారు గనక మేమిద్దరం ఒకరినొకరం చూసుకోవడం ఎవరూ చూడలేదు.

పెద్దయ్యాక నాకు సిగ్గేసింది. ఇక నా దిక్కు చూడొద్దు చిన్నమ్మా, నేను బాగానే ఉన్నాను అని ఒకసారి అన్నాను. ఆమె బీడీకి దారం చుడుతూ, "భయమైతే భయమని చెప్పాలె. నవ్వుకుంట దాసుకుంటే అది లోపల్నే పిల్లలు పెడ్తది," అంది. చూడడం మానలేదు. నేను తల ఊపడమూ మానలేదు.

పోయిన ఏడు ఆ పాట్ అరిగి, తిప్పినప్పుడల్లా బరబరమనడం మొదలైంది. నేను కామారెడ్డిలోనే ఉంటున్నాను గనక కొత్తది తెచ్చే పని నాకు చెప్పింది. పాత షాపాయన ఇంకా ఉన్నాడు, చూపు తగ్గింది గానీ చిన్నమ్మను మరవలేదు. ఇప్పుడు మంచివి దొరుకుతున్నాయమ్మా, అతుకు లేదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే నునుపు అని ఒకటి చేతిలో పెట్టాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. గట్టు లేదు! ఎగిరే మెట్టు లేదు! బస్సులో దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

చిన్నమ్మ దాన్ని వేయించి, ఒకసారి మొత్తం తిప్పింది. వెన్నలా లేచింది చప్పుడు. ఇక భయం లేదు అన్నాను. ఆమె మాత్రం ముఖం చిట్లించింది. బాగుంది గానీ నాకు పడదు, పాత రకమే తెచ్చిపెట్టు అంది. నాకు ఒళ్లు మండింది. నా కోసమే కదా ఇదంతా, నాకోసం మంచిది తెస్తే వద్దంటావేమిటని కొంచెం గట్టిగానే అడిగాను. దగ్గు వచ్చి మాట ఆగిపోయింది ఆమెకు. అప్పటికే తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్ని తినేస్తోంది. తర్వాతి వారం నేనే పోయి గట్టున్న పాట్ తెచ్చి ఇచ్చాను.

కొన్ని నెలల కింద ఆమె నిలబడి వాయించలేనని, కరెంటాఫీసులో లైన్ మన్ గా చేసే మా కాయర్ అన్నకు గిటార్ అప్పగించింది. ఆ రోజునుంచి నేను ఆదివారం చర్చికి పోలేదు. చిన్నమ్మను చూడడానికి ఇంటికి పోయేదాన్ని, చర్చి ముందునుంచి కాకుండా వెనక సందులోంచి. ఆ అన్న మంచివాడే. కానీ ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. పనులున్నాయని చిన్నమ్మకు సాకులు చెప్పాను. ఆమె నమ్మినట్టు ఊరుకుంది.

ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. బస్సు లింగంపేట దాటుతుంటే దిగి వెనక్కి పోదామా అనిపించింది. చిన్నమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ట్రాక్టరు టైరే కళ్ల ముందుకొస్తోంది. ప్రార్థన మధ్యలో లేచి పరుగెత్తితే? ఊరంతా ఉంటుంది. చిన్నమ్మ శవపెట్టె ముందే చిన్నమ్మను వదిలి పారిపోయిన మనిషినవుతాను. ఇంటికాడే ఉండి, చర్చి అయ్యాక నేరుగా సమాధుల దగ్గరికి పోదామా అని కూడా అనుకున్నాను. మనిషిని భయం ఎంత చిన్నగా చేస్తుందో ఆ బస్సులో చూశాను.

చిన్నమ్మను నీళ్లు పోసి, తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. వేళ్ల కొసలు ఇంకా తునికాకు రంగులోనే ఉన్నాయి. ఆ వేళ్లు పట్టుకున్నాక ఏడుపొచ్చింది. చిన్నాయన నన్ను అవతలికి పిలిచాడు. నేను చర్చిలోకి రాలేనని ఆయనకే చెప్పాను. చెప్పడానికి ఇంకెవరున్నారు?

ఆయన మెల్లగా చెప్పాడు.

"నీకంటె ఎక్కువ భయం ఆమెకే బిడ్డా. ఆ దినం బాక్సు ఖరాబు కాలే. నాబు తిప్పింది ఆమెనే. గిటార్ అప్పుడే కొత్తగ పట్టుకున్నది, జెరంత తిప్పితె అంత వస్తదని ఆమెకు ఎరుక లేదు. నువ్వు టైరు కాడ పడ్డవని తెలిసినప్పటిసంది ఆమెకు నిమ్మళం లేదు. ఐతారం చర్చికి పోయేముందట బుక్క ముట్టకపోయేది."

మరి గట్టు లేని మంచి పాట్ తెచ్చిస్తే ఎందుకు వద్దంది అని అడిగాను.

"గట్టు లేకుంటె యాడ ఆగాలె? ఆగకుంటె నీ దిక్కు ఎట్ల చూడాలె? కూసున్నదా, మల్ల రోడ్డు మీదికి ఉరికిందా అని ఆమె సూసుకోవాలె గదా. చేతికి గట్టు తగిలితెనే ఆగి చూడాలని నాకు యాదికొస్తది అన్నది."

ఇన్నేళ్లు ఆమె నాకు ధైర్యం చెప్పడానికి చూస్తోందనుకున్నాను. నేను తల ఊపింది నా కోసమనుకున్నాను. తలలు వంచిన ఆ జనం మధ్యలో భయపడుతున్న మనుషులు ఇద్దరున్నారని, వారం వారం నా తల కదిలాకే ఆ రెండో మనిషి ఊపిరి పీల్చుకునేదని నాకు తెలియలేదు. చిన్నాయన పోయి పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాడు. నేను వెనకాలే నడిచాను.

చర్చి నిండిపోయింది. చాలామంది గోడ వెంట నిలబడ్డారు. అయినా తలుపు పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. నేను ఆగి చూస్తుంటే గోడకు ఆనుకుని ఉన్న ఒక ముసలమ్మ, "అది నీదే, కూసో," అంది. ఇన్ని నెలలుగా దాన్ని ఎవరు ఖాళీగా పెట్టించారో అడగాల్సిన పని లేకపోయింది. కూర్చున్నాను. గడప రెండడుగుల దూరంలో ఉంది. అవతల రోడ్డు మీద బండ్లు పోతున్నాయి.

లైన్ మన్ అన్న గిటార్ తగిలించుకున్నాడు. తీగ మీటాడు, ఏమీ వినబడలేదు. బొటనవేలు కదిలింది. బాక్సులో దూరంగా బండి బయల్దేరింది. పెట్టె మీది పూలు కొంచెం వణికాయి. నాబ్ సగానికి వచ్చింది. వేలు ఆగింది. అందరూ తలలు వంచారు.

ఆయన మాత్రం తల వంచలేదు. జనం తలల మీదుగా తలుపు దిక్కు చూస్తున్నాడు. నా కోసం. నేను రాని ఆదివారాలన్నీ ఆ ఖాళీ కుర్చీని ఆయన అట్లాగే చూసి ఉంటాడు. చిన్నమ్మ గిటార్ ఒక్కటే అప్పగించలేదు.

నా మెడ కదలలేదు. బాక్సు సన్నగా మూలుగుతూనే ఉంది. ఎవరో దగ్గారు. ఆయన వేలు అక్కడే ఉంది, తొందర లేదు. భయం పోయిందని మీకు చెప్పలేను, పోలేదు, ఇప్పటికీ లేదు. కానీ అటు పెట్టెలో ఉన్న మనిషికి ఇక తలెత్తి చూసుకునే వీలు లేదు. "ఈడ్నే ఉన్న చిన్నమ్మా," అన్నాను, నాకే వినబడనంత మెల్లగా. తల ఊపాను.

వేలు గట్టు దాటింది. చప్పుడు వచ్చింది, బండ మీద, కుర్చీ కాళ్లలో, నా ఎముకల్లో. పాట ఎత్తుకున్నారు. అది అయ్యేదాకా నా చీర అంచును నా కాలితోనే తొక్కిపట్టి కూర్చున్నాను.